డ్రైవర్ రాలేదు

భీమరాజు కూతురు అశ్విని ఎవడో డ్రైవర్ని మరిగిందని పక్కింటి బుల్లెమ్మ అందట. అన్నది కూడా ఎక్కడో కాదు, రేషన్ షాపు దగ్గర, నలుగురిలో. రోజూ తెల్లవారుతూనే ఆ పిల్ల పెరటిగోడ పక్కన నిలబడి ఫోన్లో డ్రైవర్ వచ్చాడనో, రాలేదనో ఒకటే గోలట. "వేరే డ్రైవర్ నాకొద్దే, నాకీ డ్రైవరే కావాలి" అనడం తన రెండు చెవులతో విన్నానని ఒట్టు కూడా వేసిందట.

ఆ మాట మోసుకొచ్చిన తల్లి వెంకటదుర్గ గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పిఠాపురం సంబంధం ఖాయమయ్యేలా ఉంది. పిల్లాడు బ్యాంకులో ఆఫీసరు. ఈ కబురు అక్కడిదాకా పాకితే ఇక అంతే సంగతులు.

భీమరాజు మాత్రం భార్య చెప్పిందంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా, డ్రైవరంటే మనిషి కాదే. కంప్యూటర్లో ఉంటాడు."

అశ్విని ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెబుతుంది. దాని ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది. స్నేహితురాలు సారిక అందులో లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చింది. అంతా బాగానే ఉంది గానీ, పొద్దున్నే ఆన్ చేసేసరికి వైఫై రాదు. హాల్లో రౌటర్ దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఇంట్లో ఫోన్లన్నిటికీ నెట్ వస్తూనే ఉంటుంది, ఈ మహాతల్లికి మాత్రం అందదు. అవతల సారిక ఫోన్లో చెబుతుంటే ఇవతల అశ్విని నల్లటి తెర మీద ఏవో లైన్లు కొట్టి, డ్రైవర్ని దింపి మళ్ళీ ఎక్కిస్తే, అప్పుడు కదిలేది. భీమరాజు చాలా ఉదయాలు పక్కన స్టూలేసుకుని కూర్చుని ఈ తతంగమంతా చూశాడు. తరవాత దాళ్వా కోతలు ముంచుకొచ్చి చేలో పడ్డాడు గానీ, ఆ విద్య మాత్రం ఒంటబట్టింది.

"రౌటరంటే కాలవనుకో," అని భార్యకి పాఠం మొదలెట్టాడు. "కాలవ నిండా నీళ్ళున్నా, తూము ఎత్తే లస్కరు నిద్ర లేవకపోతే మన చేలోకి చుక్క రాదు కదా. ఆ లస్కరే డ్రైవరు. మన కంప్యూటర్ ముందు లేస్తుంది, వీడు తీరిగ్గా లేస్తాడు. అదీ దాని జబ్బు."

లోపలి గదిలోంచి వచ్చిన అశ్విని ఏదో చెప్పబోయింది. నువ్వూరుకో, ఇది పెద్దవాళ్ళం చూసుకుంటాం అన్నాడు. చూసుకున్నాడు కూడా. కనపడ్డ ప్రతివాడినీ ఆపి మధ్యాహ్నంలోగా సగం ఊరికి లస్కరు కథ చెప్పేశాడు.

సాయంత్రం సంబంధాలు కుదిర్చే వీరబ్రహ్మం మోటార్ సైకిలు మీద దిగాడు. పాలకొల్లులో ఎవరో చెవినేశారట. పిఠాపురం వాళ్ళకి పిల్ల గురించి తానే మాటిచ్చానని, ఈ డ్రైవర్ గొడవేంటో తేలందే వాళ్ళకి ఫోన్ చెయ్యలేనని, కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశాడు.

భీమరాజుకి కావలసిందీ అదే. బుల్లెమ్మని కూడా పిలిపించాడు. నిందవేసిన నోటితోనే కాదనిపించాలని పట్టుదల. అందరికీ కాఫీలు ఇప్పించి, ల్యాప్‌టాప్ తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు.

"ఇప్పుడెందుకు నాన్నా," అంది అశ్విని.

"నువ్వుండవే," అని తానే బటన్ నొక్కాడు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పాకాయి.

"చూస్తున్నారాండి, లేస్తోంది. ఇప్పుడు పైన మూల ఇంటూ గుర్తు పడుతుంది. వైఫై రాదు. అప్పుడు మా అమ్మాయి డ్రైవర్ని పిలుస్తుంది. ఆ పిలుపే ఈవిడగారు విన్నది."

వీరబ్రహ్మం కళ్ళజోడు సవరించుకున్నాడు. బుల్లెమ్మ మెడ సాచింది.

పైన మూల విసనకర్ర లాంటి గుర్తు నిండుగా వెలిగింది. వైఫై వచ్చేసింది.

ఒక్కోసారి అలా వస్తుందిలెండి అని భీమరాజు ఆపేసి మళ్ళీ ఆన్ చేశాడు. మళ్ళీ వచ్చింది. ఛార్జర్ పీకి చేశాడు. ఇంకా తొందరగా వచ్చింది. వైఫై రాకూడదని ఆ ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అదే మొదలు. క్షీరారామలింగేశ్వరుడికి మనసులోనే కొబ్బరికాయ మొక్కుకుని ఇంకోసారి నొక్కాడు. ఈసారి వైఫై రావడమే కాదు, కనెక్ట్ అయ్యానని తెర మీద రాసి మరీ చూపించింది.

"జబ్బేం కనపడట్లేదండి భీమరాజుగారూ," అన్నాడు వీరబ్రహ్మం, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

"కొత్తవాళ్ళని చూసి బుద్ధిగా నటిస్తోందండి. పొద్దున్నయితే చచ్చినా రాదు. ఇవాళ కూడా రాలేదు. బుల్లెమ్మగారే విన్నారు కదా."

విన్నానంది బుల్లెమ్మ. గోడకి అవతల పాత్రలు తోముకుంటూ ప్రతి ముక్కా విన్నానంది. తన మాట తప్పయితే ఇక్కడే లెంపలేసుకుంటానని లేచి నిలబడి, అశ్వినిని సూటిగా అడిగింది.

"ఇవాళ పొద్దున్న డ్రైవర్ రాలేదని సారికతో చెప్పి ఏడ్చావా లేదా?"

భీమరాజు కూతురి వైపు తిరిగాడు. ఇంక నువ్వే చెప్పమ్మా అన్నాడు, మొట్టమొదటిసారి.

అశ్విని ల్యాప్‌టాప్ మూత వేసింది.

"కంప్యూటర్ పోయిన నెలే బాగైపోయింది పిన్నీ, ఇవాళ రానిది పాలవ్యాన్ దుర్గాసాయి."