వచ్చే విడతకు

ఎవరూ పట్టించుకోని గుర్రాలను చేరదీసే మా శాలలో, పెరిగి వంకర తిరిగిన గిట్టను ఒక్కసారే కోసేయరు. కొంచెం కోసి, కాలు దానికి అలవాటుపడ్డాక మళ్లీ కొంచెం కోస్తారు. గిట్టలు కుదిరేదాకా గుర్రాన్ని పెంచుకోవడానికి ఎవరికీ ఇవ్వరు.

ఆ రోజు గిట్టలు కోసే తమ్ముడు ముసలి ఆడగుర్రం వెనకకాలు తొడమీద పెట్టుకుని ఆకురాయితో రుద్దుతున్నాడు. ఎప్పటిలాగే నేను దాని తల పట్టుకుని, పైకి వినబడకుండా పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాను. అది నా భుజం మీద గడ్డం ఆనించింది.

"ఇక చాలు తమ్ముడూ. మిగతాది వచ్చే విడతకు ఉంచు."

"పోయినసారీ ఇదే మాటన్నావక్కా. ఇంకేం మిగిలిందని? ఇక కొయ్యాలంటే నా వేళ్లే కొయ్యాలి. ఒకసారి నడిపించు."

నడిపించాను. కుంటలేదు. నాలుగు గిట్టలూ నేలమీద ఒకేలా మోగాయి.

"తీసుకెళ్లేవాళ్ల దగ్గర ఇంకో గుర్రముందట. దీనికి తోడు దొరుకుతుంది," అన్నాడు.

నేను దాని జూలులో చిక్కులు తీయసాగాను.

"అదేంటక్కా, నీ ప్రార్థన ఫలిస్తే మొహం అలా పెట్టావ్?"

సాయంత్రం బండి వచ్చింది. తాడు వాళ్ల చేతికిచ్చాను. అది తడబడకుండా, బండికి వాల్చిన చెక్కపలక మీదుగా నడిచి పైకెక్కింది. నా భుజం మీద దాని నోటి తడి ఇంకా ఆరలేదు.

అది మా శాలకు వచ్చిన కొత్తలో, దాని కాళ్లు బాగుచేయమనే దేవుణ్ణి వేడుకున్నాను. ఈ మధ్య మాత్రం ప్రతిసారీ, ఇంకాస్త గిట్ట మిగల్చమని వేడుకుంటున్నాను.

ఆయన నా మొదటి మాటే విన్నాడు.