మూడు ముద్దల పరీక్ష

ఒకరితో ఒకరు మాట్లాడకూడదని, ఒక్కొక్కరే లోపలికి రావాలని, మూడు ముద్దలూ తిని తేడాగా ఉన్నదేదో తన చెవిలో మాత్రమే చెప్పాలని వనజాక్షి మూడోసారి చెప్పింది. బడి వరండాలో కూర్చున్న ఇరవై ఒక్కమంది ఆడవాళ్లూ బుద్ధిగా తలలూపారు. పామిడి దగ్గరి ఆ పల్లెలో వాళ్లంత బుద్ధిగా ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. దాంతో భయం ఇంకాస్త పెరిగింది.

లోపల బల్ల మీద మూడు పళ్లేలు. వాటికి క, గ, మ అని చీటీలు. క, మ పళ్లేల్లో ఉన్నది ఆ ఊరి ఈశ్వరి పొద్దున్నే కట్టెతో కెలికి చేసిన రాగి సంగటి. గ పళ్లెంలో ఉన్నది వనజాక్షి మూడేళ్ల కష్టం. వేడినీళ్లు పోసి మూత పెడితే చాలు, కెలికే పని లేకుండా ముద్దయ్యే పొడి. ఏ పళ్లెంలో ఏముందో ఆమెకొక్కదానికే తెలుసు.

వనజాక్షి మెత్తటి పదార్థాల శాస్త్రవేత్త. జిగురూ, గంజీ, పిండీ ఎందుకు సాగుతాయి, ఎందుకు జారుతాయి అని లెక్కలు కట్టడం ఆమె పని. అంత ఫిజిక్సు చదివి ఆఖరికి సంగటి మీద పడిందేమిటని అనంతపురంలో వాళ్లింట్లో ఇప్పటికీ నొచ్చుకుంటారు. వాళ్లది అన్నం తినే ఇల్లు. సంగటి వండినా అది పనివాళ్లకే.

2001లో ఆమె ఈ ఊరికి ఒక మిషన్ తెచ్చింది. అందులో రెండు ఇనుప బిళ్లలు పళ్లలాగా ముద్దను రెండుసార్లు నొక్కి అంకెలు చెప్పేవి. ఆ అంకెలకూ ఊళ్లో ఆడవాళ్లు చెప్పే మాటకూ ఎక్కడా పొత్తు కుదరలేదు. మిషన్ బాగున్న సంగటిని బాలేదంది, బాలేనిదాన్ని బ్రహ్మాండమంది. ఏడాదంతా ఇదే గోల. చివరికి ఊళ్లోకెల్లా పెద్దది ఆంజినమ్మ వచ్చి ఇదేం చేస్తుందని అడిగింది. నమలడం ఎంత కష్టమో కొలుస్తుందని వనజాక్షి గర్వంగా చెప్పింది. ముసలామె నవ్వాపుకోలేక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సంగటిని నమిలేదెవరు తల్లీ? ఊరుబిండి పచ్చట్లో అద్దుకోని మింగేదే. పండ్లకు ఆడ పనేముండాది?"

పెద్ద పెద్ద పుస్తకాలు తిరగేసి ఇంత చిన్న ముక్క తెలుసుకోలేకపోయానే అని వనజాక్షికి సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆ రోజు నుంచి పళ్ల లెక్క వదిలేసి గొంతు లెక్క పట్టుకుంది. నెలకోసారి వచ్చి ఇంటింటా తిని, మింగి, రాసుకుంది. ఆడవాళ్లు ఆమెకు 'సంగటి మేడం' అని పేరు పెట్టేశారు. కెలికి కెలికి పట్టేసిన భుజాలు చూపించి, నీ పొడి ఎప్పుడొస్తుందని వచ్చిన ప్రతిసారీ పోరు పెట్టేవాళ్లు.

ఇప్పుడు 2004. పొడి వచ్చింది. దాన్ని తేల్చడానికి ఆమె పనిచేసే ల్యాబు నుంచి విష్ణువర్ధన్ అనే పెద్దాఫీసరు కూడా వచ్చాడు. సగంమంది పొడి ముద్దను కనిపెట్టినా పథకం మూసేస్తానని, వనజాక్షి వేరే ఉద్యోగం చూసుకోవచ్చని ఆయన జీపులోనే చెప్పేశాడు. ఆ భయం ఊళ్లో దిగగానే ఆంజినమ్మ దగ్గర వెళ్లగక్కింది. ఆమె ఏమీ ఓదార్చలేదు.

"ఏడిస్తే ఏమొస్తాది? మా నోటికి ఏది తెలిస్తే అది చెప్తాం. నోటికి అబద్దం నేర్పీలేం కదమ్మా."

పరీక్ష మొదలైంది. ముందు ఆంజినమ్మే వచ్చింది. క మింగింది. గ మింగి కాసేపు ఆగింది, నీళ్లు తాగింది. ముసలామె మ కూడా మింగి, చెవి దగ్గరికి వంగి, మ వేరేగా ఉండాదని చెప్పింది. తర్వాత వచ్చిన చిన్నక్క క అంది. ఆ తర్వాత ఇంకొకరు మ, మరొకరు క. ఈశ్వరి అయితే తాను చేసిన ముద్దనే మింగి, మొహం చిట్లించి, "క. ఇది నా చేతిది కానే కాదు" అంది. వనజాక్షికి నవ్వాగలేదు. పాపం అనిపించింది, సంతోషమూ ఆగలేదు.

గ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. విష్ణువర్ధన్ వనజాక్షి రాసిన కాగితాలు రెండుసార్లు తిరగేసి, గ ముద్ద ఒకటి తీసుకుని కసకసా నమిలి, అద్భుతమన్నాడు. పథకం ఇంకో ఐదేళ్లు సాగుతుందని అక్కడికక్కడే చెప్పాడు. పొట్లాలు తమకెప్పుడిస్తారని ఆడవాళ్లు ఆయన్ను చుట్టుముట్టారు. ఆంజినమ్మ వనజాక్షి చెంపలు నిమిరి, ఇంక ఏడుపు మాని పని చూసుకోమంది.

తిరుగు ప్రయాణంలో వనజాక్షి జీపు ముందు సీట్లో కూర్చుని రిపోర్టు నింపడం మొదలుపెట్టింది. తేడా తెలియనివాళ్లు గుడ్డిగా చెప్పినా ఎందరికి తగలాలి అని ఒక గడి. మూడు పళ్లేలు కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా ముగ్గురిలో ఒకరికి తగులుతుంది. ఇరవై ఒక్కమందికి ఏడుగురు. ఏడు అని వేసింది. నిజంగా ఎందరికి తగిలింది అని పక్క గడి. సున్నా వేసింది. అక్కడ కలం ఆగిపోయింది. గుడ్డిగా చెప్పినా ఏడుగురు గ అనాల్సిన చోట ఒక్కరూ అనలేదు. తర్వాత కళ్లనిండా నీళ్లతో పకపకా నవ్వింది. ఏమైందని వెనక నుంచి విష్ణువర్ధన్ అడిగితే ఏమీ లేదు సార్ అంది.

ఒక్కరికీ తగలలేదంటే, అందరికీ తెలిసిపోయిందన్నమాట.