నీళ్లు ఆపిన మడి

ఆ కరువు ఏడు మాచవరం పక్కన వ్యవసాయ శాఖ వాళ్లు క్యాబేజీ మడికి నీళ్లు ఆపి, ఏ మొక్క బతుకుతుందో పరీక్షిస్తున్నారు. చుక్క పడినా పరీక్ష పోతుంది, నా కాపలా పనీ పోతుంది.

"ఎండినా తన జన్యువులకు తానే నకలు తీసుకుంటూ పోయే మొక్కే బతుకుతుందమ్మా," అన్నాడు ఆఫీసరు.

"అట్టా బతికి ఏం చేసుద్దయ్యా?" అన్నాను.

ఆ రాత్రి ఒక్క వరసే పచ్చగా నిలబడి ఉంది. నేనింకా అటు అడుగు పెట్టలేదు. అయినా దుమ్ములో పాదముద్రలున్నాయి. కుడి కాలికి చిటికెన వేలు లేదు, నాకు లాగే. అవి ఆ వరసలో మొదలై నా గుడిసెలోకి వెళ్లాయి. నాకు భయం కూడా వేయలేదు.

లోపల, తోడుగా పడుకున్న హజ్రా బీ నిద్రమత్తులో అడుగుతోంది. "ఏందక్కా, ఒళ్లింత చల్లగుంది?"

"దాహంగా ఉందే, నీళ్లియ్యి," అంది నా గొంతు.

నేను బయటే నిలబడి, కుండ మూత తీసిన చప్పుడు విన్నాను.