ఫోన్లు వినని గొంతు

శబరి నది పొంగి ఊరు ఊరంతా గుట్టెక్కిన ఏడాది. యంత్రాలు ఎవరి ముఖాన్నైనా, గొంతునైనా అచ్చు దించేస్తున్న కాలం.

సుగుణ టీచరు మీడియా విద్యలో ఆన్‌లైన్ ఎమ్మే ఆఖరి పరీక్ష ముగించింది. రాసింది నిజంగా ఆమేనని, యంత్రాలు ఎన్నడూ వినని, అందుకే అచ్చు దించలేని గొంతొకటి చెబితేనే పట్టా. ఊళ్ళో అలాంటి గొంతు ఆమె తండ్రి జోగయ్యదొక్కటే. మూడో తరగతితో బడి మానేసిన ఆ ముసలాయన ఫోన్ ముందు ఏనాడూ నోరు విప్పలేదు.

“ఈమె ఎవరు?” అని జోగయ్యను అడిగింది ఫోన్ తెరలోని యూనివర్సిటీ మేడమ్.

“నా బిడ్డ. గుట్ట మీద కూడా బడి నడిపింది.”

“పాసయ్యావమ్మా!”

సుగుణ ఏడుస్తూనే నవ్వింది. “ఇక జాగ్రత్త నాన్నా. బయట మాట్లాడితే ఫోన్లు నీ గొంతు కూడా పట్టేస్తయ్.”

మర్నాడు పొద్దున్నే జోగయ్య టీకొట్టుకెళ్ళి, అందరి ఫోన్లూ వింటుండగానే కూతురి చదువు గురించి గంటసేపు మాట్లాడాడు.