గరిటె తిప్పేదానికి కప్పెందుకు?

బడి తెరిచిన రోజే కౌంటీ స్కూళ్ల బోర్డు నుంచి ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి.

టీచర్లు, గుమస్తాలు, వంటవాళ్లు అందరూ మూత్రం పట్టి ఇవ్వాలట. మత్తుమందులు వాడుతున్నారేమో చూస్తారట.

వెస్ట్ వర్జీనియా కొండల్లో గవర్నమెంటు ఉద్యోగం పోతే మళ్లీ దొరకదు. అందరూ గొణుక్కుంటూనే వరుసలో నిలబడ్డారు.

వంటగదిలో కొత్తగా చేరిన ఆర్డిత్ మాత్రం కప్పు ముట్టుకోలేదు.

"నామీద అనుమానం ఉంటే ఎందుకో చెప్పండి, ఇస్తాను. ఊరికే అయితే ఇవ్వను."

అక్కడికక్కడే ఉద్యోగం ఊడింది.

ఇంకేముంది, గుమస్తా డార్లా నోటికి పని దొరికింది. ఏదో మింగుతూ ఉంటుందని, పాత ఊళ్లో తరిమేస్తేనే ఇక్కడికి వచ్చిందని బడంతా చాటింది. అసలా మనిషి ఎక్కడిదో, ఇదివరకు ఏం చేసేదో డార్లాకు బొత్తిగా తెలియదు.

ఒకరోజు కిరాణా కొట్లో ఎదురుపడితే అడిగేసింది కూడా.

"ఏం తల్లీ, ఉద్యోగం పోగొట్టుకోవడం కంటే కప్పు నింపడం కష్టమా?"

"కష్టమేం లేదు. గరిటె తిప్పేదాన్ని ఎందుకు అడుగుతున్నారో చెప్పమన్నాను" అంది ఆర్డిత్ నవ్వుతూ.

ఆమె కోర్టుకెక్కింది. ఫిబ్రవరిలో తీర్పొచ్చింది.

పిల్లల ప్రాణాలు చేతిలో ఉన్న బస్సు డ్రైవర్లను అడగొచ్చునట. మిగతా వాళ్లను, తగిన అనుమానం లేకుండా అడగడానికి వీల్లేదట. ఆర్డిత్ ఉద్యోగం ఆర్డిత్‌కి ఇచ్చెయ్యాలట.

కప్పులు అటకెక్కాయి. బడిలో ఒకటే సంబరం. వంటవాళ్లు లోపల మాంసం ముక్కలు పెట్టి చేసే పెప్పరోని రొట్టెలు పళ్లేలకు పళ్లేలు కాల్చారు. అందరికంటే ఎక్కువ తిన్నది డార్లాయే. తిన్నాక చచ్చేంత సిగ్గేసింది.

నాలుగు రొట్టెలు పొట్లం కట్టుకుని ఆర్డిత్ ఇంటికి పరిగెత్తింది.

"క్షమించండి ఆర్డిత్ గారూ. నోటికొచ్చినట్టు వాగాను. రేపటినుంచి వచ్చెయ్యండి, అందరం ఎదురుచూస్తున్నాం."

ఆర్డిత్ పొట్లం విప్పి, అక్కడే నిలబడి ఒక రొట్టె కొరికింది. "బాగున్నాయి. బడికి వస్తాను గానీ వంటగదికి కాదు. బస్సు డ్రైవర్ ఉద్యోగం అడిగాను, ఇచ్చారు. ఇప్పుడు ఆసుపత్రిలో కప్పు నింపి ఇవ్వడానికే బయల్దేరాను."

డార్లా తెల్లబోయింది. "ఇంత పోరాడి గెలిచారు, మళ్లీ కప్పేమిటండీ?"

"స్టీరింగ్ పట్టేవాళ్లను అడగాలమ్మా" అంది ఆర్డిత్ కోటు తొడుక్కుంటూ. "మోకాలు నొప్పి తగ్గేదాకా అని ఈ ఏడాది వంటగదిలో చేరాను గానీ, అంతకుముందు పక్క కౌంటీలో ఇరవై రెండేళ్లు బడి బస్సే నడిపాను, పిలిచినప్పుడల్లా మారు మాట్లాడకుండా వెళ్లి ఇచ్చొచ్చాను."