ఊరికే చూసే ఆసుపత్రి

ఇలా నా పక్కకి జరిగి కూర్చో అమ్మడూ, మా చిన్న తోడికోడలి పన్ను సంగతి చెబుతాను.

దాని దవడ బంతిలా వాచిపోతే, ఊరికే చూసే ఆసుపత్రికి నేనే లాక్కెళ్ళాను. డాక్టరమ్మ నోట్లోకి చూసి నిట్టూర్చింది.

"ముందే వస్తే పన్ను నిలిచేది. ఇక పీకాల్సిందే. సూదంటే అంత భయమా?"

"నేనూ అదే అంటున్నానమ్మా," అన్నాను.

"సూదికి కాదక్కా, ఉచితానికి భయం," అంది మా తోడికోడలు. "మాకది మరీ ఖరీదు."

డాక్టరమ్మ నవ్వేసింది. "ఇక్కడ పైసా తీసుకోంగా!"

"మీరు తీసుకోరు. కానీ మీరు తలుపు తీసేది మేం ఇస్త్రీపెట్టె పట్టుకునే వేళకి, మూసేది మేం దింపే వేళకి. ఇక్కడికొస్తే ఆ రోజు కూలి పోతుంది. రెండోసారి కూడా వస్తే నా బల్ల దగ్గర ఇంకొకామె నిలబడుతుంది. మా షెడ్డులో సగంమంది దవడ పట్టుకునే ఇస్త్రీ చేస్తున్నారమ్మా."

"మరి ఇవాళెలా వచ్చావ్?"

"నా మొహం చూసి బట్టలిచ్చేవాళ్ళు జడుసుకుంటున్నారని యజమానే తరిమాడు."

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. కాంపౌండరు వైపు తిరిగింది. "వారంలో రెండు రోజులు పొద్దున మూసి, సాయంత్రం తీద్దామా?"

"ఇంట్లో నా భోజనం చల్లారిపోతుందండీ," అని గొణిగాడాయన.

"మీ చొక్కాలు ఊరికే ఇస్త్రీ చేసిపెడతాలే అన్నయ్యా!" అంది మా తోడికోడలు.

"ఊరికేనా? వద్దు తల్లీ, అంత ఖరీదు నేను భరించలేను," అన్నాడు గానీ, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద వేళలు మార్చాడు.

దాని పన్ను పోయింది. షెడ్డులో మిగతావాళ్ళ పళ్ళు నిలిచాయి. ఎవరైనా ఊరికే ఇస్తామంటే, ఏ వేళకిస్తారో ముందు అడగాలని గుర్తుంచుకో. నీ పిల్లలకీ ఇలాగే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు.