ఎదుటి పక్షం

"అక్కా, నా వల్ల కాదు. నాకు రెండో పక్షం ఇవ్వండి," అంది పిట్ట.

శిక్షణ కేంద్రం నడిపే అక్క నవ్వింది. "లాయరు కావాలనుకునేదానివి ఇలా బెదిరిపోతే ఎలా? లాయరన్నాక ఏ పక్షమైనా వాదించాలి తల్లీ."

కొండజాతి యువత కోసం ప్రభుత్వం పెట్టిన శిక్షణలో ఆఖరి ఘట్టం, చర్చా పోటీ. కొండను గనికి ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా అన్నది అంశం. "ఇవ్వొచ్చు" అనే పక్షం పిట్టకు పడింది. గెలిచినవాళ్లకు లా కాలేజీలో సీటు, హాస్టల్లో గది.

పిట్ట లాయరు కావాలనుకున్నదే ఆ కొండ కోసం. గనివాళ్లు దాని మీద కన్నేసి చాలాకాలమైంది. ఊరి సభ సరేనంటే తప్ప గునపం దించే వీల్లేదు. ఊరేమీ తెలివితక్కువది కాదు. సభ అని చాటింపు వినబడితే చాలు, ఒక్క ప్రాణి ఇల్లు కదిలేది కాదు. అధికారులు కుర్చీలు వేయించి, కాసేపు ఈగలు తోలుకుని, కుర్చీలు ఎత్తించుకుపోయేవారు.

"మనం వెళ్లి కూర్చుంటేగా వాళ్లు అడిగేది," అని మురిసిపోయేవాడు పిట్ట మేనమామ.

పథకాలన్నా ఊరికి అంతే నమ్మకం. కుట్టుమిషన్లు వచ్చాయి, సూదులు రాలేదు. కంప్యూటర్లు వచ్చాయి, కరెంటు రాలేదు. వచ్చి నిలబడింది అక్క ఒక్కతే. జ్వరమొచ్చిన పిల్లల్ని తన జీపులో ఆసుపత్రికి చేర్చింది. పిట్ట తల్లి ఏం పెట్టినా వంక పెట్టకుండా తింది. నలుగురిలో నోరు విప్పడం పిట్టకు నేర్పిందీ ఆవిడే. అక్కంటే పిట్టకు ప్రాణం.

పోటీ చూడ్డానికి ఊరంతటికీ బస్సులు పెట్టించింది అక్క. పిల్లల ముచ్చట కదా అని ముసలీముతకా అందరూ దిగారు. హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరసలో పిట్ట తల్లి, పక్కన మేనమామ. వెనక వరసలో ముగ్గురు కొత్తవాళ్లు. వాళ్లు న్యాయనిర్ణేతలని అక్క చెప్పింది.

"ఇవ్వకూడదు" అనే పక్షాన పిట్ట చిన్నాన్న కొడుకు మాట్లాడాడు. పాపం, రెండు ముక్కలకే వాడి నాలుక పిడచగట్టుకుపోయింది.

పిట్ట లేచింది. గని వస్తే రోడ్డు వస్తుందంది. ఆసుపత్రి వస్తుందంది. కూలి కోసం ఊళ్లు పట్టుకు తిరిగే ఖర్మ తప్పుతుందంది. ఒక్క మాటా ఆమె మనసులోది కాదు. అయినా మాటలు జలజలా రాలాయి. తల్లిపాలు తాగి రొమ్ము గుద్దుతున్నట్టు అనిపించింది ఆమెకు. మేనమామ మొహం మాడిపోయింది.

దిగి వస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏమే, నిజంగానే అంటున్నావా?"

"ఛ, ఊరుకో మామయ్యా! పోటీ కోసం అన్నానంతే. గెలిస్తే లాయరునై వస్తా. అప్పుడు చూడు గనివాళ్ల సంగతి."

"ఓసి నీ అసాధ్యం కూలా! నన్నే నమ్మించేశావు కదే!"

ఆయన నవ్వుతూ పక్కవాళ్ల చెవిన వేశాడు. పిల్ల గెలిస్తే లాయరవుతుందన్న కబురు క్షణంలో హాలంతా పాకింది.

అక్క మైకు అందుకుంది. "మన పిల్లలు ఎంత బాగా మాట్లాడారో విన్నారుగా! గెలిపించాల్సింది ఇక మీరే. కొండను గనికి ఇవ్వొచ్చు అనే పక్షం వాళ్లు చేతులెత్తండి."

హాలంతా చేతులు లేచాయి. మేనమామ కుర్చీలోంచి లేచి మరీ ఎత్తాడు. పిట్ట తల్లి రెండు చేతులూ ఎత్తేసింది. ఓడిపోయిన చిన్నాన్న కొడుకు కూడా చెయ్యెత్తి ఈల వేశాడు. జనం పగలబడి నవ్వారు. కెమెరాలు టపటపా మెరిశాయి.

పిట్టకు ఆనందంతో కళ్లనీళ్లు ఆగలేదు. అక్క కోసం చూసింది. అక్క మైకు వైరు సర్దుకుంటూ తల తిప్పుకుంది.

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన వేదికెక్కి, గొంతు సవరించుకుని, కొండను గనికి అప్పగించడానికి ఊరి సభ ఏకగ్రీవంగా ఒప్పుకుందని ప్రకటించాడు.